పొయ్యి మీద నిలవని ఎరుపు

1962. మాఘం వెళ్లి ఫాల్గుణం వస్తున్న రోజులు. చీరాల అప్పటికి గుంటూరు జిల్లాలోనే ఉండేది. రైలు స్టేషనుకి అవతల ఒక పెంకుటింట్లో రెండు గదులు మా ఆఫీసు. ముందు గదిలో బల్ల, రిజిస్టర్లు. వెనక గదిలో మైక్రోస్కోపు, స్పిరిటు స్టవ్వు, గోడ పొడవునా సీసాలు. ఆఫీసు పేరు చెప్పను, ఇప్పుడా ఆఫీసూ లేదు. సముద్రపు నీళ్లు తెచ్చి అందులో ఏముందో లెక్కగట్టడం మా పని. మా అంటే నేనూ, ఒక అటెండరూ. పై ఆఫీసరు గారు గుంటూరులో ఉండేవారు.

మాది ఫిరంగిపురం పక్క మిరప చేలున్న ఊరు. ఉద్యోగం వచ్చేదాకా నేను సముద్రం చూసింది ఒక్కసారే, అదీ పుష్కరాలకో దేనికో వెళ్లి వస్తూ దారిలో. నేనేం పని చేస్తానో మా నాన్నకి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. "ఉప్పునీళ్లలో పురుగులు లెక్కపెట్టినందుకు గవర్నమెంటు జీతమిస్తుందా!" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకుని నవ్వేవాడు. ఒక రకంగా ఆయన అన్నదే నిజం. సముద్రంలో ఈదలేక నీళ్లు ఎటు తీసుకుపోతే అటు పోయే సూక్ష్మజీవుల్ని ప్లాంక్టన్ అంటారు. చేపలకి అదే మేత, లేదా మేతకి మేత. సన్నటి పట్టుగుడ్డతో కుట్టిన గరాటు లాంటి వలని ప్లాంక్టన్ నెట్ అంటారు. దాన్ని తెప్ప వెనక కట్టి లాగితే అడుగున ఉన్న సీసాలోకి ఆ జీవులు చేరతాయి. చేరగానే ఫార్మలిన్ పొయ్యాలి. అది కుళ్లిపోకుండా ఆపే మందు. పొయ్యకపోతే ఆఫీసుకి చేరేలోపే అన్నీ చచ్చి కంపు కొడతాయి. నెట్ పైకి రాగానే ఫార్మలిన్, ఆ తర్వాతే మిగతా పని, ఇది మాకు నేర్పిన మొదటి పాఠం.

ప్రతి మంగళవారం దగ్గర్లోని జాలరిపల్లె వాడరేవు వెళ్లి పోలయ్య తెప్ప ఎక్కేవాణ్ణి. పోలయ్య ఆ పల్లెకి పెద్ద, అరవయ్యేళ్లుంటాయి, మాట తక్కువ. నా సంచిలో ఇంకో రకం సీసాలు కూడా ఉండేవి. ఖాళీ సోడా సీసాలో కొంచెం ఇసుకా, అడ్రసు రాసిన ఒక కార్డూ వేసి లక్కతో మూతి మూసి నీళ్లలో వదిలేవాణ్ణి. వాటిని డ్రిఫ్ట్ బాటిల్స్ అంటారు. ఎక్కడో ఒడ్డున ఎవరికో దొరికితే ఊరూ, రోజూ రాసి పోస్టు చేస్తారు. సముద్రం పైనీళ్లు ఏ నెలలో ఎటు పారుతున్నాయో, అంటే కరెంటు ఎటుందో, దానితో తెలుస్తుంది. దసరా తర్వాత వదిలిన సీసాల కార్డులు కొత్తపట్నం నుంచీ రామాయపట్నం నుంచీ వచ్చేవి, అంటే దక్షిణానికి. మాఘం దాటాక వదిలినవి సూర్యలంక నుంచీ నిజాంపట్నం నుంచీ వచ్చేవి, అంటే ఉత్తరానికి. ఆ కార్డులన్నీ పురికొసతో కట్టి ఒక డబ్బాలో పెట్టేవాణ్ణి. ప్లాంక్టన్‌కి ఒక రిజిస్టరు, కరెంటుకి ఒక రిజిస్టరు. ఆ రెండు రిజిస్టర్లూ బల్ల మీద పక్కపక్కనే ఉండేవి. ఒకదాన్ని తెరిచినప్పుడు రెండోదాన్ని కూడా తెరవాలని నాకు మూడేళ్లపాటు తోచలేదు. సీసాలు ఎక్కువ మోయడం వల్ల పల్లెలో నాకు సీసాల బాబు అని పేరు మాత్రం స్థిరపడింది.

ఆ ఫాల్గుణంలో ఒకరోజు పొద్దున్నే పోలయ్య కబురు పంపాడు, సముద్రం ఎర్రబడిందని.

వెళ్లి చూద్దును కదా, ఊరి మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట నీళ్లు బీట్‌రూట్ ఉడికించి వంపినట్టున్నాయి. ఒడ్డున జిగురు నురుగు. ముక్కు మూసుకోవాల్సినంత వాసన. అక్కడక్కడా చిన్న చేపలు తేలి ఉన్నాయి. నాలుగు రోజులుగా వలల్లో ఏమీ పడటం లేదనీ, వలలకి జిగట పట్టి కడగలేక చస్తున్నామనీ ఆడవాళ్లు మొర పెట్టుకుంటున్నారు. ఒకావిడ ఖాళీ తట్ట నా ముందు బోర్లించి చూపించింది. చేపలు పోయినందుకు నా మీదే కోపం ఉన్నట్టు మాట్లాడింది.

కారణం అందరికీ తెలిసినట్టే ఉంది. కాలువ గట్టు మీద, పల్లెకి రెండు మైళ్ల ఎగువన, మస్తాన్ సాహెబు గారి అద్దకం షెడ్డు ఉంది. చీరాల ఎర్ర రుమాళ్లకి నూలు అద్దేది ఆయనే. ఆ నూలు కట్టలు, అంటే చిలపలు, ఉతికిన ఎర్రనీళ్లు ఏళ్ల తరబడి ఆ కాలువలోకే పోతున్నాయి. పల్లెవాళ్లకి ఆ మంట ఎప్పటినుంచో ఉంది. ఆ పూట రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు కూడా వచ్చారు. అందరూ ఆయన చుట్టూ మూగి కాలువ వైపు వేళ్లు చూపించారు. నేనూ అటే చూశాను. పోలయ్య ఒక్కడు వల పక్కన కూర్చుని ఏమీ మాట్లాడలేదు. ఆయన ఎప్పుడూ మాట్లాడడు కదా అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు గారు నన్ను రెండు రోజుల్లో రిపోర్టు ఇవ్వమన్నారు. కాలువ మొగలో, సముద్రంలో కలిసే చోట, మోకాలి లోతు నీళ్లలో దిగి ఒక సీసా నింపాను. పాఠం ప్రకారం వెంటనే ఫార్మలిన్ పోశాను. మర్నాడు పొద్దున ఆఫీసులో తీసి చూస్తే సీసా అడుగున బూడిద రంగు మడ్డి, పైన తేటగా, అందంగా, గులాబీ ఎరుపు నీళ్లు. మడ్డి చుక్క స్లైడ్ మీద, అంటే గాజు బిళ్ల మీద, పెట్టి మైక్రోస్కోపులో చూస్తే ముక్కలు ముక్కలుగా చెత్త. ఒక్క జీవి కూడా పోల్చుకునేలా లేదు. ఇంకేముంది, జీవి లేదు, రంగుంది, పైన అద్దకం షెడ్డుంది. "గుర్తించదగ్గ ప్రాణి లేదు. ఈ ఎరుపు అద్దకపు నీళ్ల వల్ల కావచ్చు" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆ 'కావచ్చు' నా జాగ్రత్త అని అప్పుడు మురిసిపోయాను. ఆఫీసు కాగితాల్లో కావచ్చు అన్నది ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకి వెళ్లేసరికి రాలిపోతుంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, సోమవారంలోగా షెడ్డు మూసి తొట్లు పారబొయ్యాలని ఆర్డరు వెళ్లింది.

శుక్రవారం పొద్దున మస్తాన్ సాహెబు గారు మా ఆఫీసుకి వచ్చారు. నేనాయన్ని చూడటం అదే మొదలు. యాభై దాటిన మనిషి, గళ్ల లుంగీ, తెల్ల చొక్కా, మోచేతుల దాకా ఎప్పటికీ పోని ఎరుపు. ఒక చేతిలో మూత పెట్టిన ఇత్తడి చెంబు, ఇంకో చేతిలో ఒక చిలప నూలు. తిడతారని సిద్ధంగా ఉన్నాను. ఆయన కూర్చోమన్నా కూర్చోకుండా తన పనేమిటో చెప్పడం మొదలుపెట్టారు. నూలుని ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూనె కలిపి ముంచి, పిసికి, ఎండేసి, మళ్లీ ముంచి, ఇలా రోజుల తరబడి చేస్తే గానీ అది ఎరుపు పట్టదట. ఇప్పుడు తొట్లలో ఉన్న నూలు ఆ నడిమధ్యలో ఉంది. ఇప్పుడాపితే చీకిపోతుంది. అది ఆయనది కూడా కాదు, చీరాల పక్కనే ఉన్న పేరాలలో మగ్గాల వాళ్లది. వాళ్లు దానికోసం మగ్గాలు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నారు.

"మీరు రాసిన కాయితం తప్పని నేననను బాబుగారూ. మీరు చదువుకున్నవారు. కానీ నేను ముప్పయ్యేళ్లుగా ఎరుపుతోనే బతుకుతున్నా. ఆ సముద్రంలో ఉన్నది నా ఎరుపు కాదు. మీ దగ్గర పొయ్యి ఉందా?"

స్పిరిటు స్టవ్వు వెలిగించాను. నిజం చెప్పాలంటే, ఆయన మాట తీసేయలేక వెలిగించాను గానీ ఏదో తేలుతుందని కాదు. ఆయన చెంబు మూత తీశారు. ఆ పొద్దున కాలువ మొగ దగ్గర ముంచుకొచ్చిన నీళ్లు, అదే గులాబీ ఎరుపు. ఒక బీకరులో కొంచెం పోసి స్టవ్వు మీద పెట్టారు. ఇంకో బీకరులో తన షెడ్డు నీళ్లు ఒక చిన్న సీసాలోంచి పోసి, పటిక పట్టించిన నూలు పోగులు కొన్ని తెంపి అందులో వేసి దాన్నీ కాచారు. సముద్రపు నీళ్లు ఇంకా తెర్లకముందే, ఆవిరి మొదలవుతుండగానే, ఎరుపు పలచబడి చూస్తుండగానే పోయింది. మిగిలింది బియ్యం కడుగు లాంటి నీళ్లు. పక్క బీకరులో నూలు పోగులు కాగుతున్న కొద్దీ నిగ్గుతేలాయి.

"నా ఎరుపు పొయ్యి మీదే పుడుతుంది బాబుగారూ," అన్నారాయన. "అది పొయ్యి సెగకే చచ్చింది. ఆ రెండూ ఒక తల్లి పిల్లలు కావు."

నాకు సిగ్గు వేసింది. చెంబులో మిగిలిన నీళ్లలోంచి ఒక చుక్క, ఈసారి మందు లేకుండా, స్లైడ్ మీద పెట్టి చూశాను. చెత్త మధ్యలో, ఇంకా చెదిరిపోని కట్టలు రెండు మూడు కనబడ్డాయి. సన్నటి పోగులు వరిగడ్డి మోపు కట్టినట్టు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ చూసి ఉన్నాను. ట్రైకోడెస్మియం. వెచ్చటి సముద్రంలో పైకి తేలి బతికే సూక్ష్మజీవి. బతికున్నంత సేపూ రంపపు పొట్టు రంగులో ఉంటుంది. చచ్చి చితికితే దానిలోని ఎర్ర రంగు నీళ్లలోకి దిగుతుంది. ఒడ్డున చిక్కుపడి చచ్చినవి నీళ్లని ఎర్రబరిచాయి. నా సీసాలో మిగిలిన కాసిని ప్రాణాల్ని నేను పోసిన ఫార్మలిన్ చితక్కొట్టింది. జీవిని చంపి, చిదిపి, ఆపైన జీవి లేదని సంతకం పెట్టాను. సాహెబు గారిని మైక్రోస్కోపులో చూడమన్నాను. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "ఇవా నా షెడ్డు మూయించేవి?" అన్నారు.

అక్కడితో పని అయిపోలేదు. ఈ జీవి కాలువ మురుగు తిని అక్కడే పెరిగిందని రేపు ఎవరైనా అంటే? అప్పుడు గుర్తొచ్చింది పురికొస కట్టిన కార్డుల డబ్బా. ఆ నెలలో పైనీళ్లు దక్షిణం నుంచి ఉత్తరానికి పారతాయి. ఈ జీవి ఈదలేదు, నీళ్లతోపాటు రావాల్సిందే. కాలువ వల్లే అయితే కాలువకి ఉత్తరంగా మాత్రమే ఉండాలి. దక్షిణంగా కూడా ఉంటే, అది అటునుంచి వచ్చినట్టే. ఇంత చిన్న సంగతికి మూడేళ్ల కార్డులు నా చేతికిందే ఉన్నాయి! చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుస్తూనే ఉంది, అయినా సంచి సర్దుకుని పరిగెత్తాను.

పోలయ్య తెప్ప తీయనన్నాడు. రాసిందేదో రాశావు కదా, మళ్లీ ఏం చూస్తావని. తప్పు రాశానని చెప్పాను. పొయ్యి సంగతీ, మందు సంగతీ దాచకుండా చెప్పాను. ఆయన వల బాగుచేసుకుంటూ తల ఎత్తకుండా విన్నాడు. చివరికి అడిగాను, ఈ రంగు మొదట ఎక్కడ చూశావని.

"మోటుపల్లి ఎదట. ఇక్కడికి రాకముందు మూడు దినాలప్పుడు. రంపపు పొట్టులాగ చాళ్లు చాళ్లుగా తేలతా వచ్చింది."

మోటుపల్లి కాలువకి దక్షిణాన. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట ఆ రోజు అందరిలో ఎందుకు చెప్పలేదని గట్టిగానే అన్నాను.

"నువ్వు అడగలేదు బాబూ. నన్నెవరూ అడగలేదు. ఆ కాలవ కంపు ఏళ్ల నుంచి మా మొకాన కొడతంది. దాని సంగతి చెప్పి చెప్పి అలిసిపోయినాం. ఈసారైనా మూస్తారని ఊరుకున్నా."

ఆయన లేచి తెడ్డు సరిచూసుకుంటూ, రేపు పొద్దున్నే రమ్మన్నాడు.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. సముద్రం నిద్రపోతున్నట్టుంది. దక్షిణంగా పోయేకొద్దీ నీళ్ల మీద గోధుమరంగు చాళ్లు కనబడ్డాయి. గాలివాలుకి బారులు తీరి, మా కళ్లంలో తూర్పారబట్టినప్పుడు పొల్లు ఒక వరసలో పడ్డట్టుగా ఉన్నాయి. వాటి అవతల, ఇంకా దక్షిణాన, నీళ్లు తేటగానే ఉన్నాయి. మూడు చోట్ల మూడు సీసాలు నింపాను. ఒకటి మోటుపల్లి వైపు, ఒకటి కాలువ మొగ, ఒకటి మొగ దాటి ఉత్తరాన. దేనిలోనూ ఫార్మలిన్ పొయ్యలేదు. తడి గోనెలో చుట్టి నీడన పెట్టాను. కాలువ మొగ ఎదట నాలుగు సోడా సీసాలు వదిలి తెప్ప ఆపి చూశాం. నాలుగూ ఒకదాని వెనక ఒకటి ఉత్తరానికే నడిచాయి. పోలయ్య వాటినే చూస్తూ, ఇన్నాళ్లూ ఇవి ఎందుకు వదులుతున్నావో తెలియక మా వాళ్లు నీకు మతి లేదనుకునేవారని చెప్పాడు. నవ్వాడు కూడా. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నానికల్లా ఆఫీసులో మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. దక్షిణం సీసాలో కట్టలు నిండుగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. కాలువ మొగ సీసాలో సగం చితికాయి. ఉత్తరం సీసాలో దాదాపు అన్నీ చితికి, నీళ్లే ఎర్రగా ఉన్నాయి. బతికినవి వెనకా, చచ్చినవి ముందూ. అది ఎటునుంచి ఎటు వస్తోందో ఆ మూడు చుక్కలే చెప్పాయి.

గుంటూరు ఆఫీసరు గారికి ఆ సాయంత్రమే ట్రంకాల్ చేశాను. ఒకసారి ఇచ్చిన రిపోర్టు కొట్టేస్తే ఆఫీసు పరువు ఏం కావాలన్నారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఊరుకోమని గట్టిగా చెప్పారు. నా ఉద్యోగం అప్పటికి పర్మనెంటు కాలేదని కూడా గుర్తుచేశారు. నాకు భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. కానీ ఆ మనిషి మోచేతులు కళ్లముందు నుంచి పోలేదు. ఆదివారం కూర్చుని రెండో రిపోర్టు రాశాను. ఈసారి కావచ్చు అని ఎక్కడా రాయలేదు. మొదటి వాక్యం, "నా మొదటి రిపోర్టు తప్పు."

సోమవారం పొద్దున షెడ్డు దగ్గరికి ఇన్‌స్పెక్టరు గారూ, పల్లెవాళ్లూ, మగ్గాల వాళ్లూ అందరూ వచ్చారు. తొట్లు వంచడానికి మనుషులు నిలబడి ఉన్నారు. నేను కాగితం ఇచ్చాను. ఇన్‌స్పెక్టరు గారు చదివి, నాలుగు రోజుల్లో శాస్త్రం మారిపోయిందా అని నలుగురిలో అడిగారు. శాస్త్రం మారలేదండీ, నేను సరిగ్గా చూడలేదండీ అన్నాను. సాహెబు గారు పొయ్యి మీద చెంబు పెట్టి మళ్లీ కాచి చూపించారు. ఎరుపు పోయింది. అయినా ఇన్‌స్పెక్టరు గారి ముఖం తేటపడలేదు. సీసాల్లో ఏముందో ఆయనకి కనపడదు, కరెంటు అంతకన్నా కనపడదు. చూసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

తొట్ల పక్కన నిలబడ్డ సాహెబు గారు ఎవరివైపూ చూడకుండా నూనె నూలు మీద చెయ్యి వేసి ఉన్నారు. పల్లెవాళ్లందరూ పోలయ్య వైపు చూశారు. ఆయన నోరు విప్పకపోతే తొట్లు పోతాయి. విప్పితే తన వాళ్లకే ఎదురు నిలిచినవాడవుతాడు.

"మోటుపల్లి ఎదట చూశా," అన్నాడు పోలయ్య. "కిందనించి, దక్షిణం కాడ నించి వచ్చింది. ఈ సాయిబుది కాదు." సాహెబు గారి వైపు తిరిగాడు. "కానీ నీ కాలవ కంపు మాత్రం నీదే. దాని సంగతి చెప్పు."

సాహెబు గారు తల ఊపారు. ఉతికిన నీళ్లు కాలువలోకి వదలననీ, షెడ్డు వెనక ఇసకలో గుంటలు తవ్వించి అందులోకి మళ్లిస్తాననీ అందరిముందూ ఒప్పుకున్నారు. ఇన్‌స్పెక్టరు గారు ఆర్డరు మడిచి జేబులో పెట్టుకున్నారు. పల్లెలో కొందరు గొణుక్కున్నారు. ఖాళీ తట్ట బోర్లించిన ఆవిడ మాత్రం నా దగ్గరికొచ్చి, అయితే చేపలెప్పుడొస్తాయని నిలదీసింది. ఆమె అడిగినదాంట్లో న్యాయముంది, ఆమెకి కావలసింది అదే. మోటుపల్లి చాళ్ల వెనక నీళ్లు తేటగా ఉండటం శనివారం చూశాం కదా, అటు పోయి వేయమన్నాను. పోలయ్య ఆ మధ్యాహ్నమే నాలుగు తెప్పలు దక్షిణానికి పట్టించాడు. మర్నాడు తట్టలు నిండాయని చెప్పను గానీ, ఖాళీగా మాత్రం రాలేదు. వారం తిరిగేసరికి ఎరుపు సూర్యలంక వైపు జరిగి, పలచబడి, కనపడకుండా పోయింది.

గుంటూరు నుంచి నాకు మెమో వచ్చింది. పర్మనెంటు కావడం ఏడాది ఆలస్యమైంది. ఆ ఏడాది నుంచీ ప్లాంక్టన్‌కీ కరెంటుకీ ఒకటే రిజిస్టరు పెట్టాను. తర్వాత ఫాల్గుణాల్లో ఎప్పుడు నీళ్లు ఎర్రబడినా పల్లెవాళ్లు నా దగ్గరికి రావడం మానేశారు. చెంబుతో నీళ్లు ముంచుకుని నేరుగా సాహెబు గారి పొయ్యి దగ్గరికే పోయేవారు. మొదట్లో చిన్నతనంగా అనిపించింది. తర్వాత నేనూ అక్కడికే పోయేవాణ్ణి.

ఆ తొట్లలోని నూలుతో పేరాలలో నేసిన మొదటి రుమాలు సాహెబు గారు నాకు తెచ్చిచ్చారు. అద్దాలు తుడుచుకోమన్నారు. నూనె పట్టిన గుడ్డ మైక్రోస్కోపు అద్దానికి పనికిరాదు, ఆ మాట ఆయనతో అనలేదు. దాన్ని ఫార్మలిన్ సీసా మెడకీ మూతకీ కలిపి గట్టిగా ముడివేశాను. మందు పొయ్యాలంటే ముందు ఆ ముడి విప్పాలి, నూనె గుడ్డ ముడి అంత తేలిగ్గా రాదు. అది విప్పేలోపు గుర్తొచ్చేది, ఒక చుక్క బతికుండగా చూడాలని, నీళ్లు ఎటునుంచి వచ్చాయో అడగాలని. రిటైరయ్యే రోజు దాకా ఆ ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూనే ఉన్నాను.